ఇరవై మూడు గాజుపలకలు

ఫిబ్రవరి 2, సోమవారం

ఈ నోటుబుక్కు కొని ఏడాదయింది. పిల్లల హాజరు కోసం కొన్నాను, అట్ట మీద పువ్వులు బాగున్నాయని దాచుకున్నాను. ఈ రోజు నుంచి ఇందులో రాస్తాను. ఎవరితోనూ అనలేనివి పోగుపడ్డాయి, ఇంట్లో ఉన్న ఒక్క పెద్దదిక్కు మా అత్తయ్యకి చత్వారం. ఎవరూ చదవరు కాబట్టి అబద్ధం రాయాల్సిన పని లేదు.

నర్సు వచ్చింది. నెలకి రెండుసార్లు రావాలి, ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు రెండుసార్లకి సరిపడా మాట్లాడుతుంది. మా పిల్లల బడిలో నలుగురైదుగురు అదేపనిగా వెనక గోక్కుంటున్నారని, రాత్రిళ్ళు నిద్రపోకుండా ఏడుస్తున్నారని ఎవరో ఆమె చెవిన వేశారు. నాకు చెప్పలేదు, ఆమెకి చెప్పారు. పదకొండేళ్ళుగా ఈ రేకుల గది ఊడ్చేదీ, చాపలు దులిపేదీ, ఇన్ని ముక్కులు తుడిచేదీ నేను.

"నులిపురుగులు అయ్యుంటాయి టీచర్ గారూ," అంది. "తెల్లగా దారం ముక్కల్లా ఉంటాయి. పిల్లలు పడుకున్నాక బయటికొచ్చి అక్కడ గుడ్లు పెడతాయి. దురద పుడుతుంది, గోక్కుంటారు, గోళ్ళలోకి వస్తాయి, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. దుప్పట్లకీ బొమ్మలకీ కూడా అంటుకుంటాయి. ఎవరికైనా వస్తుంది. సిగ్గుపడాల్సిందేం లేదు."

సిగ్గుపడాల్సిందేం లేదని చెప్పడం, పిల్లలు లేనివాళ్ళకి తేలిక. ఈమెకి లేరు.

ఇంటికొకటి చొప్పున వేలెడంత గాజుపలక, ఒక టేపు ముక్క, ఒక కాగితం ఇచ్చింది. పిల్ల నిద్ర లేవగానే, దొడ్డికి వెళ్ళకముందే, కడగకముందే, టేపుని అక్కడ అద్ది గాజు మీద అతికించి తేవాలి. కడిగితే గుడ్లు కొట్టుకుపోతాయి, ఇక ఏ యంత్రం కింద పెట్టినా కనిపించవు. కడగొద్దని నాలుగుసార్లు చెప్పింది. కాగితం కింది సగంలో మందు వేసుకున్న ఇంట్లో చేయాల్సినవి ఉన్నాయి. రోజూ పొద్దున్నే స్నానం, గోళ్ళు కత్తిరించడం, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకడం, ఇలాంటివి.

సాయంత్రం తల్లులు వచ్చినప్పుడు కాగితం మొత్తం నేనే చదివి వినిపించాను. కడగొద్దన్న మాట ఐదోసారి నేను చెప్పాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అందరూ వెళ్ళాక బొంగరం వాళ్ళమ్మ వెనక్కి వచ్చింది. ఊరి చివర షెడ్డులో ఉల్లిపాయలు ఏరే పని ఆమెది. ఎప్పుడు చూసినా జుట్టులో ఉల్లిపొట్టు. చదువు రాదు. ఇంకోసారి చదవండి అంది, చదివాను. మళ్ళీ ఇంకోసారి అంది. తాళం వేసే వేళకి ఇదొక బెడద. పెదవులు కదుపుతూ వింది.

బొంగరం ఆమె కూతురు, నాలుగేళ్ళది. కూర్చున్న చోట కుదురుగా ఉండదు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ పేరు పెట్టింది నేనే.

ఫిబ్రవరి 4, బుధవారం

ఇరవై మూడు గాజుపలకలూ వచ్చాయి. మా చిన్నోడిది కూడా అందులోనే ఉంది. అంతా కాగితంలో ఉన్నట్టే చేశాం.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఒక్కటే. ఇరవై మూడింటిలో ఒక్కదానిలోనే గుడ్లు కనిపించాయి. బొంగరం.

నర్సు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఒక్కటేనా? ఒకే గదిలో, ఒకే చాపల మీద పడుకుంటారు. ఇలా ఉండదే," అంది. నా గది శుభ్రంగా ఉంటే ఆమెకి మింగుడు పడటం లేదు. ఏదేమైనా అందరికీ మందు వేసేద్దాం, ఒకే రోజు అందరూ వేసుకుంటేనే ఇది పోతుంది, రెండు వారాలకి మళ్ళీ ఇంకో మోతాదు అంది.

తల్లుల సంఘానికి పెద్ద, పిండిమర నడిపే ఆవిడ. ఆవిడ గొంతుకి మర శబ్దం అలవాటు, మామూలు మాట కూడా వీధి చివరికి వినిపిస్తుంది. "లేని రోగానికి మందెందుకమ్మా? లేదని మీ కాగితమే చెప్తోంది కదా. ఉన్నవాళ్ళకి వేసుకోండి," అంది. తక్కిన వాళ్ళు తలూపారు. నర్సు నా వైపు చూసింది. నేను ఏదైనా అంటానని చూసినట్టుంది. సంఘం మాట కాదని నేనేమంటాను?

బొంగరం పూర్తిగా తగ్గేదాకా బడికి రాకూడదని కూడా తేల్చారు. ఆ మాట చెప్పే పని నాది. మంచి మాటలు చెప్పడానికి చాలామంది ఉంటారు.

బొంగరం వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి వింది. లోపలికి రమ్మని నేను అనలేదు. "నన్నేం చేయమంటారు టీచర్ గారూ," అంది. "షెడ్డులోకి పిల్లల్ని రానివ్వరు. లారీలు వెనక్కి వస్తుంటాయని మేస్త్రీ ఊరుకోడు. మా ఇంట్లో ఇంకెవరూ లేరు."

"రెండు మూడు వారాలే కదమ్మా. ఎలాగో చూసుకో."

"మీరు కడగొద్దన్నారు. నేను కడగలేదు," అంది.

దానికీ దీనికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. మాత్రలు తీసుకుని వెళ్ళిపోయింది. బొంగరం వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది. రేపు కలుద్దాం అన్నప్పుడు ఊపమని నేను నేర్పిన పద్ధతి అది.

ఫిబ్రవరి 9, సోమవారం

బడి ప్రశాంతంగా ఉంది. ఇరవై ఇద్దరూ కుదురుగా కూర్చున్నారు.

కుదురుగా అంటే మరీ కుదురుగా కాదు. పిల్లలన్నాక కదలరా?

ఫిబ్రవరి 11, బుధవారం

చిన్నోడు గోక్కుంటున్నాడని అత్తయ్య అంది. నిక్కరు ఎలాస్టిక్ బిగుతుగా ఉంది. కొత్తవి రెండు కొనాలి.

ఫిబ్రవరి 17, మంగళవారం

షెడ్డు పక్క సందులోంచి వస్తుంటే వాళ్ళ గది కనిపించింది. తలుపుకి బయట తాళం. కిటికీ ఊచల మధ్య నుంచి బొంగరం చెయ్యి బయటపెట్టి ఆడిస్తోంది. నన్ను చూసి "టీచర్, నేను రావచ్చా?" అని అడిగింది. ఇంకొన్ని రోజులు అన్నాను. ఎన్ని అని అడిగింది. వేళ్ళు చూపించమంది. నేను రెండు చేతులూ చూపించాను. ఆ పిల్లకి ఐదు వరకే లెక్క వచ్చు. మిగతాది నేనింకా నేర్పలేదు.

ఇంటికొచ్చే దారి మార్చుకుంటే మేలు. అటు నుంచి దుమ్ము ఎక్కువ.

ఫిబ్రవరి 26, గురువారం

రెండో మోతాదు కూడా అయింది, నర్సు మళ్ళీ చూసింది, ఏమీ లేదు. బొంగరం ఈ రోజు బడికి వచ్చింది. గోళ్ళు మాంసం దాకా కత్తిరించి ఉన్నాయి. జుట్టు తడి ఆరలేదు. ఒంటి మీద గౌను ఎన్నిసార్లు ఉతికారో, పువ్వులన్నీ వెలిసిపోయాయి. చాప మీద కూర్చుని అరగంటసేపు కదల్లేదు. పాట పాడింది. ఆ తర్వాత కూడా కదల్లేదు.

ఈ పిల్ల కుదురుగా కూర్చోగలదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ తిరుగుడంతా దురద వల్లేనేమో. బొంగరం అని ఊరంతా పిలుస్తోంది ఇప్పుడు.

పిండిమర ఆవిడ మనవడు, మా చిన్నోడు, ఇంకో ఇద్దరు కలిసి ఆ పిల్లకి చెక్క బొమ్మలన్నీ తెచ్చి ఇచ్చారు. పిల్లలకి పగలుండవు.

మార్చి 12, గురువారం

చిన్నోడి దుప్పటి దులుపుతుంటే తెల్లటి దారం ముక్క కనిపించింది. ఆ దుప్పటి అంచు ఎప్పుడో చిరిగింది, అందులోది అయ్యుంటుంది. కదిలినట్టు అనిపించింది కానీ కళ్ళజోడు పెట్టుకోలేదు. కిటికీ గాలి.

మార్చి 13, శుక్రవారం

దుప్పటి అంచు చూశాను. చిరిగిన చోట ఉన్నది నీలం దారం.

మార్చి 16, సోమవారం

బస్సెక్కి వెళ్ళి, నన్నెవరూ ఎరగని మందుల షాపులో ఒక్క మాత్ర కొన్నాను. ముందు జాగ్రత్త. అన్ని రకాల పిల్లల మధ్య తిరిగేవాడు కదా. రెండు వారాల తర్వాత ఇంకోటి వేయాలి. మళ్ళీ అంత దూరం వెళ్ళాలి, చూద్దాం.

ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వేసుకోవాలని కాగితంలో ఉంది. అత్తయ్యకి ఏమని చెప్పి వెయ్యను?

ఏప్రిల్ 7, మంగళవారం

బొంగరానికి మళ్ళీ వచ్చింది.

నెల దాటాక ఆ పిల్లకి ఇంకోసారి చూసి తీరాలని సంఘం పట్టుబట్టింది. ఆ పిల్లకి ఒక్కదానికే. తల్లి పొద్దున్నే గాజుపలక తెచ్చింది, కడగకుండానే. నిండా గుడ్లు.

"మిగతావాళ్ళ దగ్గర నుంచి వచ్చుంటుంది. అందరూ మందు వేసుకోలేదు కదా," అని నర్సు అంది.

"మా పిల్లలకి లేదని చెప్పింది మీరే కదా," అంది పిండిమర ఆవిడ. "ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటే మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తుంది?"

"ఆ పిల్ల గోళ్ళు చూశారా మీరు?" అని నర్సు అడిగింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను. నన్నెవరూ అడగలేదు.

ఏప్రిల్ 9, గురువారం

బొంగరం పేరు రిజిస్టర్‌లోంచి తీసేశాను. కారణం అన్న గడిలో "అపరిశుభ్రత" అని రాశాను. సంఘం చెప్పిన మాటే. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

తల్లి వచ్చింది. ఈసారి గుమ్మం దాకా కూడా రాలేదు, గేటు దగ్గరే ఆగింది. "కాగితంలో ఉన్నవన్నీ చేశాను టీచర్ గారూ. ఇంకేమన్నా మిగిలిందేమో, ఒక్కసారి చదివి చెప్తారా?" అంది.

ఏమీ మిగల్లేదన్నాను. అది నిజమే.

ఏప్రిల్ 20, సోమవారం

వాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారట. పిల్లకి జ్వరం వచ్చిందని రెండు రోజులు పని మానేస్తే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకున్నాడట. ఎక్కడికి వెళ్ళారో ఎవరికీ తెలియదు. అత్తయ్య ఈ సంగతి చెప్పి నా మొహంలోకి చూసింది. చత్వారమున్న మనిషికి దూరం నుంచి బాగానే కనిపిస్తుంది.

ఏప్రిల్ 28, మంగళవారం

తెల్లవారుతూనే తలుపు చప్పుడైంది. నర్సు. భుజాన సంచి, అందులో గాజుపలకలు. ఎవరికీ చెప్పకుండా ఇల్లిల్లూ తిరుగుతోంది. "ఈసారి నేనే తీసుకుంటాను టీచర్ గారూ. మీ బాబు లేచాడా?"

లేవలేదన్నాను. లేపుతానన్నాను. "మీరుండండి, వాడు బద్ధకిస్తాడు, నేను సిద్ధం చేసి తీసుకొస్తాను," అన్నాను. ఆమె అప్పటికే లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది.

చిన్నోడు కళ్ళు నులుముకుంటూ లేచాడు. టేపు చూడగానే గుర్తుపట్టాడు. ఐదేళ్ళవాడికి ఏది గుర్తుండాలో అది గుర్తుండదు.

"ముందు కడగాలి," అన్నాడు నర్సుతో. "అమ్మ సబ్బుతో కడిగి, తుడిచి, అప్పుడు అంటించింది. చల్లటి నీళ్ళు. నేను ఏడవలేదు."

"మంచి పిల్లాడివి," అంది నర్సు. టేపు అద్ది, గాజు మీద అతికించి, నంబరు వేసుకుంది. వెళ్ళేటప్పుడు తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. అంతకంటే ధడాలున వేసి వెళ్ళినా బాగుండేది.

అవును, కడిగాను. ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా ఆ మాట రాయలేదు. టీచర్ కొడుకు గాజుపలక. ఎవరో దాన్ని వెలుగులో పెట్టి చూస్తారు, పలకమీద నా ఇంటి నంబరుంటుంది. కొంచెం కడిగితే ఏమవుతుందిలే అనుకున్నాను. లేదు, అలా అనుకోలేదు. ఏమవుతుందో తెలిసే కడిగాను. ఐదుసార్లు విన్నదాన్ని, అందులో ఒకసారి చెప్పినదాన్ని.

తక్కినవాళ్ళు కూడా కడిగే ఉంటారు. ఇంటి ఆడవాళ్ళం, బిడ్డని మురికిగా నలుగురి ముందు పెట్టలేం. ఇరవై రెండు ఇళ్ళలో ఇరవై రెండు చెంబుల నీళ్ళు. చెప్పిన మాట విన్నది ఒక్కతే.

ఏప్రిల్ 30, గురువారం

ఇరవై రెండింటిలో పదిహేడు. మా చిన్నోడు, పిండిమర ఆవిడ మనవడు, ఆవిడ పక్కింటి పిల్ల కూడా అందులోనే.

బడిలో మీటింగు. తల్లులు చాపల మీద కూర్చున్నారు, ఆ చాపల మీదే పిల్లలు పడుకుంటారు. పిండిమర ఆవిడ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

"పోతూ పోతూ అందరికీ అంటించి పోయింది చూశారా ఆ పిల్ల," అంది.

అవునవునన్నారు. ఆ పిల్ల మా చెక్క బొమ్మలన్నీ పట్టుకునేదని ఒకరు, ఎప్పుడూ మా వాడి పక్కనే పడుకునేదని ఇంకొకరు. నర్సు అందరినీ చెప్పనిచ్చింది. అప్పుడు అడిగింది, "ఫిబ్రవరిలో ఎవరైనా కడిగి తెచ్చారా? నేనేమీ అనను. తెలుసుకోవడానికే అడుగుతున్నా."

వరసగా అందరి మొహాలూ చూసింది. నా మొహం మాత్రం చూడలేదు. ఆ మర్యాద ఎందుకు చేసిందో నాకు తెలుసు, నా అంతట నేను చెప్పడానికి. ఒక్కరు నోరు తెరిస్తే తక్కినవాళ్ళు తెరుస్తారు. ఆ ఒక్కరు నేను కావాలి, ఆ గదిలో టీచర్ని నేను.

నా కాళ్ళ దగ్గర చాపలో ఒక పుల్ల ఊడి ఉంది. దాన్ని మళ్ళీ లోపలికి దోపాను. చాలాసేపు పట్టింది.

"సరే," అంది నర్సు. మాత్రలు పంచింది. ఈసారి ఎవరూ వద్దనలేదు.

మే 2, శనివారం

వాళ్ళ గదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయలేను. ఎక్కడికి వెళ్ళారో తెలుస్తుందేమోనని అనుకుందాం.

గది ఖాళీగానే ఉంది. ఇంటావిడ తాళం తీస్తూ మాట్లాడుతూనే ఉంది. "ఆ మనిషి నీళ్ళు వాడిందమ్మా. రోజూ పక్కబట్టలు మరగబెట్టేది. షెడ్డు నుంచి వచ్చి కూడా ఉతికేది. నీళ్ళ దగ్గర నేనే రెండుసార్లు గొడవపడ్డా. ఏమే, నీకేమన్నా పిచ్చా అన్నా. 'మా పాప బడికి వెళ్ళాలి' అంది."

"పాప ఎలా ఉండేది?"

"లోపలపెట్టి తాళం వేసి పోయేది కదా, పాటలు పాడుకునేది. మీరు నేర్పినవేనట. ఒకే పాట పొద్దుగూకే దాకా. నాకూ వచ్చేసింది."

గోడ మీద, బొంగరం వాళ్ళమ్మ కళ్ళకి ఎదురుగా ఉండే ఎత్తులో, నర్సు ఇచ్చిన కాగితం టేపుతో అతికించి ఉంది. చదవడం రాదు కదా, ప్రతి వరస పక్కనా పెన్సిల్‌తో చిన్న బొమ్మ గీసుకుంది. స్నానం దగ్గర చెంబు. గోళ్ళ దగ్గర కత్తెర. పక్కబట్టల దగ్గర పొగలొచ్చే గిన్నె. ఒక్క బొమ్మ కూడా తప్పు వరసలో లేదు. మూడుసార్లు వినే అన్నీ పట్టుకుంది. వాటి కింద గీతలు. రోజుకొక గీత. ఫిబ్రవరి ఆరు నుంచి వెళ్ళిపోయిన రోజు దాకా లెక్కపెట్టాను. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఏప్రిల్ తొమ్మిది తర్వాత కూడా గీతలున్నాయి. పేరు తీసేశాక కూడా.

కాగితం పై సగంలో, కడగొద్దు అన్న చోట, నీళ్ళ చెంబు గీసి దాని మీద అడ్డంగా కొట్టేసింది.

ఆ గది గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. ఇంటావిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ ఏడుపు వల్ల ఎవరికీ పైసా ఉపయోగం లేదు.

కాగితం చిరగకుండా గోరుతో టేపు లేపి, ఇంటికి తెచ్చుకున్నాను. మా ఇంటి కాగితం ఎక్కడుందో వెతికాను. వంటింటి అలమరలో నూనె డబ్బా కింద పరిచి ఉంది.

మే 4, సోమవారం

ఆ కాగితాన్ని బడి గోడకి అతికించాను, తలుపు పక్కన, అందరికీ కనిపించేలా. ఎవరైనా అడుగుతారు, అప్పుడు చెప్తాను అనుకున్నాను. కడిగిన సంగతి, రిజిస్టర్‌లో రాసిన మాట, అన్నీ. రాత్రంతా మాటలు కూర్చుకున్నాను. మొదటి వాక్యం బాగా వచ్చింది కూడా.

సాయంత్రం తల్లులు వచ్చారు. పిండిమర ఆవిడ కాగితం ముందు నిలబడి గీతల మీద వేలు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"బొమ్మలు కూడా వేశారే. ఇన్ని రోజులు, ఒక్క రోజు తప్పకుండా," అంది. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా అంది, "చూడండి, ఇల్లంటే ఇలా నడుపుకోవాలి. మన టీచర్ గారిదే అయ్యుంటుంది. ఇంత పద్ధతి ఇంకెవరికుంటుంది?"

అందరూ నా వైపు చూశారు. ఒకామె నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది.

నేను చెక్క బొమ్మలు బుట్టలో వేస్తున్నాను. వేస్తూనే ఉన్నాను.

చిన్నోడు నా పక్కకి వచ్చి కాగితం వైపు తలెత్తి చూశాడు. "మా ఇంట్లో అది లేదు," అన్నాడు.

వాణ్ని బయటికి వెళ్ళి ఆడుకోమన్నాను.